లాబీలో సాక్షి

సెప్టెంబరు 8, సోమవారం

ఈ పుస్తకం కొని నెల దాటింది. రాయాల్సినంత పని ఇవాళే పడింది.

పదకొండుంపావు. హాలు నిండా జనం. వీడియో లింకులోకి ‘అడ్వకేట్ 2’ అనే పేరుతో ఎవడో వచ్చాడు. లాయరు గారే అనుకుని అడ్మిట్ నొక్కాను. గోడమీది పెద్ద తెర మీద బూతు సినిమా మొదలైంది. జడ్జిగారి డఫేదారు గారు పరుగెత్తి తెరకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. నేను వైరు పీకేశాను. అంతా కలిపి పది సెకన్లు.

జడ్జిగారు ఛాంబర్‌లోకి పిలిచారు. అరవలేదు. అరిచినా బాగుండేది. పేరూ కేసు నంబరూ లేని వాళ్లెవరూ ఇకమీదట లోపలికి రాకూడదన్నారు. మెమో ఇచ్చారు. నేను కాంట్రాక్టు మీద ఉన్న సిస్టమ్ అసిస్టెంట్‌ని. డిసెంబరు 31కి రెన్యువల్ కావాలి. మెమో అందినట్టు సంతకం పెట్టాను.

సెప్టెంబరు 16, మంగళవారం

గల్ఫ్‌తో టెస్ట్ కాల్. హత్య కేసులో సాక్షి, కనకరత్నం గారు. నలభై అయిదేళ్లుంటాయేమో. అక్కడ ఒక ఇంట్లో వంటా, పిల్లల పనీ. మన ఎంబసీలో ఒక ఆఫీసరు గారి పక్కన కూర్చుని సాక్ష్యం చెప్పాలి. జడ్జిగారు ఆర్డరిచ్చారు.

నన్ను మొదట మేడం గారండీ అన్నారు. మాది రాజోలని చెప్పాక అమ్మా అన్నారు. నేను పిన్ని గారూ అన్నాను.

కోర్టు ఎలా ఉంటుందో చూపించమన్నారు. కెమెరా తిప్పి చూపించాను. జడ్జిగారి కుర్చీ. బోను. లాయర్ల బల్ల. ముద్దాయి గురించి, ఆ గంగాధరరావు ఎక్కడ నిలబడతాడమ్మా అని అడిగారు. అదిగో, ఆ కిటికీ పక్కన అన్నాను. నేనతనికి కనపడతానా అన్నారు. పెద్దగా కనపడతారు పిన్ని గారూ, గోడంత అన్నాను. ఆయ్, అది చాలమ్మా అన్నారు.

సెప్టెంబరు 18, గురువారం

కాగితాలు స్కాన్ చేస్తూ ఆ కేసు మొత్తం చదివేశాను. చదవకుండా ఉండాల్సింది.

ఆవిడ భర్త అప్పన్న. రాజోలు అవతల లంకలో అరెకరం చేను, పదిహేను కొబ్బరి చెట్లు. పక్కనే గంగాధరరావు రొయ్యల చెరువు తవ్వించాడు. ఉప్పునీళ్లు ఇంకి చేను చచ్చిపోయింది. అప్పన్న ఫిర్యాదు పెట్టాడు. కిందటేడు ఫిబ్రవరిలో ఒక ఉదయం చెరువు గట్టు మీద నిలబడి, మాడిపోయిన కొబ్బరి మొవ్వుల్ని భార్యకి వీడియో కాల్‌లో చూపిస్తున్నాడు. గంగాధరరావు వచ్చాడు. చేతిలో మేత పడవ తెడ్డు ఉంది. దాన్ని ఎత్తడం ఆవిడ చూశారు. ఫోను కింద పడింది. తరవాత కాల్ పోయింది. మధ్యాహ్నానికి అప్పన్న శవం చెరువులో తేలింది. జారిపడ్డాడని వాళ్ల వాదన.

ఇంకో సాక్షి నూకయ్య, చెరువు కాపలాదారు. తెడ్డు రెండుసార్లు తల మీద దిగడం షెడ్డులోంచి చూశానని పోలీసులకి చెప్పాడు. మిగతా సాక్షులందరూ ఇప్పటికే ఎదురు తిరిగారు.

ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు స్కానర్ పక్కన నిలబడి చెప్పారు. ఈవిడ ఎత్తడం చూసింది, అతను దిగడం చూశాడు, ఇద్దరూ చెబితేనే కేసు అని.

సెప్టెంబరు 24, బుధవారం

పీపీ గారికి జ్వరం. వాయిదా. కనకరత్నం గారు అక్కడ రెండు బస్సులు మారి వచ్చి గంట కూర్చున్నారట.

అక్టోబరు 29, బుధవారం

తుఫాను. కరెంటు లేదు, నెట్ లేదు. కోర్టు గోడ మీద చెట్టు పడింది. మళ్లీ వాయిదా. కనకరత్నం గారికి చెబితే, మీరంతా బాగున్నారామ్మా అని అడిగారు. సెలవడిగితే తను పనిచేసే ఇంటావిడ గిన్నె విసిరిందని ఆ తరవాతెప్పుడో చెప్పారు.

నవంబరు 12, బుధవారం. మధ్యాహ్నం 1.45

రాలేదు.

డెబ్బై కేసులు. ఒక తెరలో జైలు, ఒక తెరలో డాక్టరు గారు, ఒక తెరలో లాయర్లు. ఎవరో మ్యూట్ తియ్యరు, ఎవరో మ్యూట్ పెట్టరు. పదకొండున్నరకి కనకరత్నం గారి కేసు పిలిచారు. లింకులో లేరు. కాసేపాగి చూద్దామన్నారు జడ్జిగారు. మధ్యలో అరబ్బీ అక్షరాలతో ఏదో పేరు లాబీలో, అంటే లింకు బయట ఆగే చోట, తలుపు కొట్టింది. 11.42కి ఒకసారి, 12.20కి ఒకసారి. కేసు నంబరు లేదు. డినై నొక్కాను.

నూకయ్య ఉదయం పదింటికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నా కౌంటర్ దగ్గరికొచ్చి, ఆవిడ వత్తారాండీ అని అడిగాడు. వస్తారన్నాను. ఆవిడ చెప్పేక నేను చెప్తానండి, ముందు నా నోట రాదండి, ఆ గట్టు మీదే కదండీ నా కాపరం అన్నాడు.

12.50కి జడ్జిగారు ఇక చాలన్నారు. మూడో వాయిదా. ఆవిడ సాక్ష్యం క్లోజ్. తరవాతి సాక్షిని పిలిచారు. నూకయ్య బోనెక్కి గోడమీది తెర వైపు చూశాడు. అందులో జైలు గోడ ఒకటే ఉంది. ఆ పొద్దున తను అన్నానికి ఊళ్లోకెళ్లానని చెప్పాడు. ఏమీ చూళ్లేదని చెప్పాడు. పీపీ గారు పోలీసుల ముందు చెప్పింది చదివితే, అలా చెప్పలేదండి అన్నాడు. మూడు సార్లు.

ఆవిడ మీద కోపంగా ఉంది. ఇంత చేసి రాకపోవడమేంటి?

అదే రోజు. సాయంత్రం 6.10

హాల్లో ఫోను సొరుగులో పెట్టేయాలి. బస్సెక్కాక తీసి చూశాను. పదిహేడు మిస్డ్ కాల్స్, అన్నీ కనకరత్నం గారివే. ఒక వాయిస్ మెసేజ్.

ఆఫీసరు గారి కంప్యూటర్ తెరుచుకోలేదట. పక్క గదిలో ఎవరో అరబ్బు ఉద్యోగి టాబ్ అడిగి తెచ్చారట. మెసేజ్‌లో ఆవిడ మాటలు ఇవి: “అమ్మా, లోపలికి రానివ్వమ్మా. గుమ్మంలోనే ఉన్నాం. ఇంగ్లీషులో ఏదో వత్తంది. మీవాళ్లు వద్దంటున్నారంటారీయన. వద్దంటవేంటమ్మా?”

బస్సు దిగాల్సిన చోట దిగలేదు.

నవంబరు 13, గురువారం

ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 14, శుక్రవారం

మా సూపరింటెండెంట్ ప్రకాశరావు గారికి చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చారు. మంచాయన. నాకీ ఉద్యోగం చూపించింది ఆయనే. “మెమో ఇచ్చింది వాళ్లు. పేరు లేకపోతే రానివ్వద్దన్నది వాళ్లు. మీరు చేసింది రూలేనండి. నెల రోజులు పోతే, ఎవరెప్పుడొచ్చారన్న ఆ లాగ్ కూడా ఉండదు. గమ్మునుండండి” అన్నారు.

రూలే. నిజమే. టీ తెప్పించి ఇచ్చారు, తాగాను.

నవంబరు 17, సోమవారం

కనకరత్నం గారు ఫోన్ చేశారు. ఎత్తకూడదనుకుని ఎత్తాను.

తిడతారనుకున్నాను. ఆవిడ నాకు క్షమాపణ చెప్పారు. “నాకు చదువు రాదు కదమ్మా. ఆ టాబు నా ఒళ్లో పెట్టేరు. నేనే ఏదో తప్పు నొక్కేసుంటాను. మీకు మాటొచ్చిందా నా వల్ల?” అన్నారు.

లేదు పిన్ని గారూ అన్నాను. అంతే అన్నాను.

నూకయ్య చెప్పేడా అని అడిగారు. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది.

నవంబరు 18, మంగళవారం

పన్నెండో తారీకు ఆర్డరు వెబ్‌సైట్‌లో ఎక్కించడం నా పనే. ‘సాక్షి లింకులో హాజరు కాలేదు.’ అప్‌లోడ్ నొక్కాను. సక్సెస్ అని పచ్చగా వచ్చింది. ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆవిడ రాలేదని.

నవంబరు 20, గురువారం

జరిగింది రాసి జడ్జిగారికి ఇచ్చేశాను. ఒక పేజీ. లాగ్ ప్రింటు జతచేశాను. రెండు టైములకీ ఎర్ర గీత గీశాను.

జడ్జిగారు చాలాసేపు చదివారు. ఎనిమిది రోజులు ఏం చేశారమ్మా అని ఒకటే అడిగారు. పీపీ గారిని పిలిపించి, ఆ సాక్షిని మళ్లీ పిలవడానికి పిటిషన్ వేసుకోమన్నారు. నన్ను సంజాయిషీ అడుగుతూ ఇంకో మెమో. ప్రకాశరావు గారు నావైపు చూడకుండా అందించారు.

నూకయ్య సంగతి పీపీ గారిని వరండాలో అడిగాను. ప్రమాణం చేసి చూళ్లేదన్నాడు, ఇక ఏం చెప్పినా ఎవరు నమ్ముతారమ్మా అన్నారు. అయినా మనిషిని పంపించారట. ఒకసారి చెప్పేసేనండి అని తలుపేసుకున్నాడట.

నవంబరు 27, గురువారం

డిసెంబరు 10కి కొత్త వాయిదా. కనకరత్నం గారికి చెప్పాను. ఇంటావిడ ఇక సెలవివ్వదట. ఎంబసీ వాళ్లతో మాట్లాడిస్తానన్నాను. వద్దమ్మా అన్నారు. “ఈ మిషన్లో నా మాట పోవట్లేదు. నేనే వచ్చేత్తాను. అగ్రిమెంటు పోతే పోయింది.”

ఈసారి నేనే చూసుకుంటాను, అలా జరగదు అందామనుకున్నాను. ఎందుకు జరగదో చెప్పాలంటే, ఎందుకు జరిగిందో చెప్పాలి. ఏ రోజు దిగుతారని అడిగాను.

డిసెంబరు 9, మంగళవారం

ఆవిడ జొన్నాడలో బస్సు మారి సాయంత్రం అయిదింటికి రాజోలులో దిగారు. తెరలో కంటే పొట్టిగా ఉన్నారు. నన్ను వెంటనే గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకున్నారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఖర్జూరాల పొట్లం తీశారు. నీకోసమేనమ్మా అన్నారు.

రేపు కోర్టులో నా కాగితం చదువుతారు. ఆవిడ మొదటిసారి అక్కడ వినకూడదు. బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పేశాను. లాబీలో కొట్టిన పేరు, నేను నొక్కింది, నూకయ్య తెర వైపు చూసి ఏమీ చూళ్లేదన్నది. మెమో గురించి కూడా చెప్పబోయి ఆగాను. అది ఆవిడకెందుకు?

ఆవిడ ఏడవలేదు. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు మూసుకున్నారు. తరవాత అడిగారు.

“మొదటిసారంటే సరే. రెండోసారి కూడానా అమ్మా?”

అవునన్నాను.

లేచి బ్యాగు భుజానికేసుకుని ఆటోల వైపు వెళ్లిపోయారు. పొట్లం బెంచీ మీద ఉండిపోయింది. ఇంటికి తేవాలో, వదిలెయ్యాలో తెలియలేదు. తెచ్చాను. విప్పలేదు.

డిసెంబరు 10, బుధవారం

తెర ఆపేశారు. ఆవిడ బోనులో నిలబడ్డారు. జడ్జిగారు నా కాగితం హాల్లో చదివి వినిపించారు. అందరూ నన్ను చూశారు. ఆవిడొక్కరే చూడలేదు.

గట్టిగా చెప్పారు. చేను ఎలా తెల్లబడిందో, ఆయన ఏ చెట్టు దగ్గర నిలబడ్డారో, గంగాధరరావు ఏ వైపునుంచి వచ్చాడో. అతని వైపు వేలు పెట్టి చూపించారు. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అతని లాయరు గారు ఓపిగ్గా అడిగారు. ఫోన్ తెర ఎంతుంటుంది? అరచెయ్యంత అన్నారు. ఎండ పడుతోందా? పడుతోందన్నారు. ఫోన్ పడ్డాక ఏం కనపడింది?

ఆకాశవండి అన్నారు.

ఇంకా?

కొబ్బరాకు. ఒకటే ఆకు. ఊగుతా ఉంది.

తెడ్డు తగలడం చూశారా?

“ఎత్తటం చూసేనండి. దిగటం చూళ్లేదండి. ఆయన గొంతు విన్నానండి. నా పేరు పిలిచేరండి.”

టైపిస్టు ఆగిపోయాడు. జడ్జిగారు రాయమన్నట్టు తలూపారు. కరెంటు పోలేదు, నెట్ పోలేదు. ప్రతి మాటా రికార్డయింది.

డిసెంబరు 22, సోమవారం

కేసు కొట్టేశారు. గంగాధరరావు నిర్దోషి.

తీర్పు ముప్పై ఒక్క పేజీలు. సాయంత్రం నేనే అప్‌లోడ్ చేశాను. ఇరవై ఆరో పేజీలో ఉంది. ఈ సాక్షి నిజమే చెబుతోందని కోర్టు నమ్ముతోంది, కానీ దెబ్బ పడటం ఆమె చూడలేదు, చూసినట్టు చెప్పిన ఒకే ఒక్క వ్యక్తి దాన్ని సమర్థించలేదు, అనుమానం ఉంటే ఆ మేలు ముద్దాయికి చెందాలి అని. చట్టం ప్రకారం అంతే అయ్యుండొచ్చు. నా పేరు ఎక్కడా లేదు. ‘సాంకేతిక కారణం’ అని ఒక్క మాట ఉంది. అది నేను.

నూకయ్య కూడా వచ్చాడు. గేటు బయట, రోడ్డుకి అవతల నిలబడ్డాడు. కనకరత్నం గారు అతని దగ్గరికి నడిచి వెళ్లారు. కొడతారేమో అనుకున్నాను. ఏదో అడిగారు. అతను తల వంచుకుని చాలాసేపు చెప్పాడు. అతని చెయ్యి రెండుసార్లు పైకి లేచి కిందికి దిగింది. ఆవిడ మొత్తం విన్నారు.

అక్కడ రికార్డు చేసేవాళ్లు ఎవరూ లేరు.

డిసెంబరు 31, బుధవారం

రెన్యువల్ రాలేదు. కీబోర్డు తుడిచి ఇచ్చేశాను.

జనవరి 7, బుధవారం

కోర్టుకి ఎదురుగా ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో చేరాను. ఇవాళ కనకరత్నం గారు వచ్చారు. హైకోర్టు లాయరు గారికి అప్పీలు కాగితాలు పంపాలట. వేరే షాపులు లేకనా? అడగలేదు.

కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నారు. ప్రతి క్లిక్కు ముందూ నా మణికట్టు పట్టుకున్నారు. ఇదేంటి అని అడిగారు. చెప్పాను. ఆయ్, ఇప్పుడు నొక్కు అన్నారు. ఎనభై నాలుగు కాగితాలు.