శుక్రవారం డ్రాయింగ్ పీరియడ్

హెచ్‌ఎం సార్‌కు నమస్కారాలు.

దసరా నుంచి ఏడో తరగతి డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకే పోతోంది. లెక్కల లక్ష్మీరాజం సార్‌ని అడిగితే, "బొమ్మలేడికి పోతయ్ మేడం, పరీక్షలైనంక గీపిద్దురు" అని నవ్వారు. నా మిగతా గంటలన్నీ వార్షికోత్సవం బోర్డులకే చాలడం లేదు.

అయినా ఈ శుక్రవారం మాత్రం నా పీరియడ్ నాకు ఇప్పించండి. ఆ తరగతి అమృత వాళ్ల నాన్న సెలవు ముగిసి శనివారం మస్కట్ వెళ్తున్నారు. ఆయన బొమ్మను పెన్సిల్‌తో గీసి పెట్టుకుంది. రంగులు బడిలోనే ఉంటాయి. "నాయిన బ్యాగుల పెడ్త టీచర్, రంగులేసుడే ఉన్నది" అని రోజూ అడుగుతోంది.

ఇట్లు,
మీ డ్రాయింగ్ టీచర్

తా.క.: ఈ ఉత్తరం మీకు ఇచ్చేలోపే అమృత వాళ్ల నాన్న టికెట్ ముందుకు జరిగిందట. ఆయన పొద్దున్నే కోరుట్లలో బస్సెక్కారు. అమృత బడికి వచ్చింది, బొమ్మ సంగతి అడగలేదు. శుక్రవారం లెక్కలే చెప్పించండి సార్.