తిప్పతీగ శాలువా

నవంబర్ 18
మెహర్ తమ్ముడు వచ్చాడు, ఇన్నాళ్లూ ఆమె ఉన్న మా కింది వాటాలో మిగిలిన సామాను తీసుకెళ్లడానికి. పోతూ పోతూ ఒక సంచి నా చేతిలో పెట్టాడు. సగం అల్లిన శాలువా, సూదులతో సహా. "అక్క ఇయ్యమన్నది. ఇగ నువ్వే పూర్తి చెయ్యాలంట."
పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి ఆమె మాట వినడం లేదు.
కింద తాళం వేసిన చప్పుడు. సంచి విప్పలేదు.

నవంబర్ 20
విప్పాను. ఆకుపచ్చ ఉన్ని, నెలవంక ఆకారం. అంచు పొడవునా మా కాంపౌండ్ గోడ మీది తిప్పతీగ... రెండు తీగలు మెలేసుకుంటూ, మధ్యలో ఆకులు. ఏ పుస్తకంలోని డిజైనూ కాదు. గోడ దగ్గర కుర్చీ వేసుకుని, చూస్తూ అల్లింది.
చివరి వరుసలో ఒకచోట, పైకి రావాల్సిన తీగ కిందికి పోయింది. మెహర్ అలాంటి తప్పు చెయ్యదు. అప్పటికే చెయ్యి మొద్దుబారుతోందేమో. సరిచేయాలంటే ఆమె అల్లింది విప్పాలి. విప్పను.

నవంబర్ 23
నాది బిగుతు చెయ్యి, ఆమెది వదులు. నేను అల్లినంత మేరా శాలువా ముడుచుకుపోతోంది. "పిసినారి చెయ్యక్కా నీది. ఉన్నికి జెర ఊపిరాడనియ్యి" అనేది. లావు సూదులు తెచ్చాను. కాస్త నయం.
నవ్వొచ్చింది. ఎవరితో నవ్వను?

నవంబర్ 24
పాలామెతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

నవంబర్ 29
ఫోన్ చేశాను. బొల్లారం నుంచి బన్సీలాల్‌పేట్‌లో వాళ్ల తమ్ముడిల్లు ఏమంత దూరం, వస్తానన్నాను.
"రాకక్కా. నన్ను గిట్ల చూడకు."
మాట ముద్దగా వస్తోంది. సరే అన్నాను. సరే అనడం తప్ప నాకేం చేతనవును! ఆమె లేని ఇల్లు నాకు బాగాలేదు. అస్సలు బాగాలేదు.

డిసెంబర్ 2
ఉన్ని అయిపోయింది. జనరల్ బజార్‌లో అదే రంగు దొరికింది, కానీ ఉండలా చుట్టింది కాదు, చిలప... వదులుగా మడిచిన దారం కట్ట. ఉండ చుట్టాలంటే ఇద్దరుండాలి. ఒకరు చేతులు చాపి చిలప తగిలించుకోవాలి, ఇంకొకరు చుట్టాలి. చేతులు చాపేది ఎప్పుడూ మెహరే. ఆ పూట ముచ్చట్లన్నీ అప్పుడే.
కుర్చీ వీపుకు తగిలించాను. చిక్కుపడింది. దారం వచ్చే వైపుకు కుర్చీ వంగదుగా. దాన్ని తిట్టాను.

డిసెంబర్ 3
పొద్దున చిక్కు తీస్తుంటే తట్టింది. చిలప పట్టడానికి వేళ్లు అక్కర్లేదు. మణికట్లు చాలు.
ఫోన్.
"మెహర్, ఉన్ని చుట్టాలె. చేతులు కావాలె."
"కుడిది లేవదక్కా."
"దిండు మీద పెడదాం."
ఫోన్‌లో వెనక ఎవరింట్లోదో కుక్కర్ కూత...
"కుర్చీకి ఏసినవా?"
"ఏసిన."
"చిక్కుపడ్డదా?"
"పడ్డది."
"ఎన్నిసార్లు చెప్పిన నీకు!" కోపం. పాత కోపం. ఎంత హాయిగా ఉందో వింటే.
పెట్టేసింది. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.
చిక్కు సగమే తీశాను. చిలపను అలాగే సంచిలో పెట్టాను. ఇది చెప్పులు వేసుకునే రాస్తున్నాను.