ముగ్గురు పరాయివాళ్ళు

ప్రియమైన అక్కకి,

ముందుగా శుభవార్త. నెలన్నరగా మా స్నానాలగదిలో కాపురముంటున్న మసిబొగ్గు ఈ ఉదయం నా ఒళ్ళో నిద్రపోయింది. మీ పిల్లుల సంరక్షణ కేంద్రం వాళ్ళు మిల్లు వెనక పట్టుకొచ్చిన రోజు బకెట్టు చాటున దూరి, నన్ను చూసినప్పుడల్లా బుసకొట్టిన పిల్లేనా ఇది! దీని తోబుట్టువులిద్దరూ ఎప్పుడో ఇళ్ళకు చేరారు, ఇదొక్కటే మొండికేసింది. నువ్వు చెప్పినట్టే దాని కళ్ళలోకి చూడకుండా నేలమీద కూర్చున్నాను. ముందు చెంచాతో మాంసం ముద్ద, తర్వాత వేలితో, ఆ తర్వాత అరచేతిలో.

మచ్చిక కార్డు మీ వ్యాన్ డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. పెంపకానికిచ్చేముందు ముగ్గురు పరాయివాళ్ళు ఎత్తుకుని చూడాలన్న గడి కూడా నింపాను. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆవిడ, పై వాటాలో ఆయన, గ్యాసు బండ తెచ్చే అతను. ముగ్గురూ ఎత్తుకున్నారు. గోరైనా బయటపెట్టలేదు.

నీ చెల్లి


ప్రియమైన చిట్టికి,

కార్డు చూసి ఎగిరి గంతేశాను. నెల్లాళ్ళుగా పిల్లి కోసం అడుగుతున్న బడిపంతులమ్మ ఒకావిడ ఉంది. నిన్ననే సంతకం పెట్టి మసిబొగ్గుని ఆవిడకిచ్చేశాను. ఆవిడ ఎనిమిదేళ్ళ కూతురు బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా దానితో కబుర్లేనట.

ఇంతకీ గ్యాసతనికి పిల్లిని ఎత్తుకునేంత తీరిక ఎలా దొరికిందే? ఏదైతేనేం, నీ ఇంటికి మనుషులొస్తున్నారన్నమాట!

నీ అక్క


చిట్టీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మసిబొగ్గు వెళ్ళిన గంటకే బీరువా వెనక దూరిందట. నాలుగు రోజులు తిండి ముట్టలేదు. పాప జాలిపడి చెయ్యి పెడితే మణికట్టు మీద రెండుచోట్ల లోతుగా కరిచింది. ఇంజెక్షన్లు చేయిస్తున్నారు. "నేనంటే దానికి ఇష్టం లేదమ్మా" అని పాప ఒకటే ఏడుపట. పిల్లిని వెనక్కి తెచ్చేశాం. ఇళ్ళకు పనికిరాదని రాస్తే అది మళ్ళీ మిల్లు వెనక్కే పోతుంది.

ముగ్గురి చేతుల్లో ఒదిగిన పిల్ల ఇలా చెయ్యదు. ఆ ముగ్గురూ ఎవరే?

అక్క


అక్కా,

ప్రియమైన అని రాయడానికి మొహం చెల్లడం లేదు. ఆ ముగ్గురూ నేనే.

మా ఆయన వదిలేసి వెళ్ళిన చొక్కా వేసుకుని ఒకసారి, కుట్టడానికొచ్చిన కోటు తొడుక్కుని ఒకసారి, హెల్మెట్ పెట్టుకుని గొంతు మార్చి ఒకసారి ఎత్తుకున్నాను. పిల్లి మనిషిని వాసనతో గుర్తుపడుతుందని నువ్వే చెప్పావు. దానికి మూడుసార్లూ నేనే. కళ్ళు మూసుకుని పాలు తాగింది పిల్లి కాదు, నేను.

ఆయన ఇంకొకరితో వెళ్ళిపోయినప్పటినుంచీ, ఎవరైనా లోపలికొస్తే ముందు ఆయన చెప్పులుండే చోటే చూస్తారనిపిస్తుంది. కుట్టుబట్టలు కూడా తలుపు సందులోంచే తీసుకుంటున్నాను. ముగ్గుర్ని పిలవాలంటే మూడుసార్లు తలుపు తియ్యాలి. నావల్ల కాలేదు.

ఆ పాప చెయ్యి తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది. ఇక నాకు పిల్లికూనల్ని పంపొద్దు. దాన్ని మాత్రం వీధిపాలు చెయ్యకు. తప్పు దానిది కాదు.

చెల్లి


ప్రియమైన చిట్టికి,

కోపం రాలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు నీకు రాయాలనిపించలేదు.

కానీ నా సంగతీ విను. పిల్లిని ఇచ్చేముందు ఆ ముగ్గురికీ ఫోన్ చేసి కనుక్కోవడం నా పని. అందరి కార్డులకీ చేస్తాను, నీ కార్డుకి చెయ్యలేదు. ముగ్గురు మనుషులు నీ ఇంట్లో అడుగుపెట్టారని చదివాక ఇంకేమీ కనబడలేదు నాకు. పిల్లి సిద్ధమైందని కాదే, నా చెల్లి తలుపు తీసిందని సంతకం పెట్టాను. గ్యాసతని మీద అనుమానం వచ్చినా నోరు నొక్కేసుకున్నాను. ఆ పాప చేతిమీద గాటులో సగం నాదే. వాళ్ళింటికెళ్ళి తలొంచుకుని అదే చెప్పాను. నీ వంతు నువ్వు చెప్పుకోవాలి.

మసిబొగ్గు బుధవారం నీ దగ్గరికొస్తుంది. మళ్ళీ చెంచా నుంచి మొదలుపెట్టు. ఈసారి పరాయివాళ్ళని నేను చూస్తాను. ఒకరు మా డ్రైవరు. రెండోది బడిపంతులమ్మ. నేను అడగలేదు, "దానికి భయం పోయిందో లేదో చూసి రామ్మా" అని పాపే పంపుతోందట.

మూడోదాన్ని నేను. అక్కవి పరాయిదానివెలా అవుతావని అనకు. ఆయన వెళ్ళి మూడేళ్ళు. ఏం మాట్లాడాలో తెలియక, నేను రావాల్సిన చోటికి పిల్లుల్ని పంపుతూ కూర్చున్నాను. సిగ్గుపడాల్సింది నువ్వొక్కదానివే కాదు.

బుధవారం పది గంటలకు, అందరికన్నా ముందు, నేనే వస్తాను. ఏమీ అడగను. నేలమీద కూర్చుంటాను, నీ కళ్ళలోకి కూడా చూడను.

తలుపు తియ్యి, చాలు.

నీ అక్క