రెండోసారి వేసిన పాట

జోసెఫన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దుటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన శామీర్‌పేట రేడియోలో ఎల్లుండి నుంచి సినిమా పాటలే వేయాలట. "మీ బ్యాండ్ల లొల్లి ఎవడింటున్నడమ్మా?" అన్నాడు రేడియో కమిటీ అధ్యక్షుడు. ఒళ్లు మండి, రేపు కమిటీ ముందే మాట్లాడతానన్నాను.

మధ్యాహ్నం కౌకూర్ ఆడపిల్లల బ్యాండు పాట వేశాను. చర్చిలో పాడే పిల్లలే, ఇందులో మాత్రం డ్రమ్ములు పగిలేలా వాయించారు. ఇక్కడ పాటలు నువ్వు వేసే రోజుల్లో, కొత్త పాట ఏదైనా వెంటవెంటనే రెండుసార్లు వేయడం నీ పద్ధతి కదా. "మొదటిపారి చెవి కొట్లాడతది, రెండోపారి ఇంటది" అనేవాడివి. నువ్వు పోయాక కూడా నేనది ఒక్కరోజూ తప్పలేదు. ఇవాళ ఆ చిరాకులో గదంతా తిరుగుతూ, పాట అయిపోగానే పొరపాటున సినిమా పాట నొక్కేశాను.

వెంటనే ఫోన్ మోగింది. అల్వాల్ నుంచి ఎవరో ఆటో డ్రైవర్.

"ఏంది మేడం, ఒక్కపారే ఏసిండ్రు? మొదటిపారి నాకేం సమజ్ గాలే. రెండోపారి ఇందామని ఆటో పక్కకు ఆపుకొని కూసున్న. జల్దీ ఎయ్యుండ్రి, ఎనక ప్యాసింజర్లు గులుగుతున్నరు."

సినిమా పాటను సగంలో ఆపేసి, పిల్లల పాట మళ్లీ పెట్టాను. అది అయ్యేదాకా నేనూ కదలకుండా కూర్చున్నాను.

రేపు కమిటీ ముందు చెప్పుకోవడానికి నాకు ఒక్క మనిషే ఉన్నాడు. కానీ అతను ఆటో ఆపుకుని కూర్చున్నాడు, అన్నా.