నెమ్మదిగా పెట్టిన సంతకం

జూన్ 30, సాయంత్రం

జీతం పడింది. అరగంటకే అక్క ఫోన్. టైలరింగ్ షాపు అడ్వాన్స్ ఈరోజే కట్టాలట, లేకపోతే షాపు ఇంకెవరికో ఇచ్చేస్తారట. నర్సుల యూనిఫాంలు కుట్టిన బిల్లు మూడో తారీకున వస్తుందే, రాగానే నీ అకౌంట్లో వేసేస్తా అంది. పంపేశాను. అక్క అడిగితే ముందు ఇచ్చేస్తాను, లెక్క తరవాత చూసుకుంటాను. ఎప్పుడూ ఇంతే.

జూలై 1, సాయంత్రం

లెక్క చూసుకున్నాను. అకౌంట్లో ఉన్నది అద్దెలో మూడో వంతు.

కింద వాటాలో ఉండే టీచరుగారే మా ఓనరు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఫోన్‌లో డబ్బు పంపితే ఒప్పుకోరు, చెక్కే కావాలి. ప్రతి ఒకటో తారీకూ ఆరింటికి పైకొచ్చి తీసుకుంటారు. ఈసారి మోకాలు నొప్పి, నువ్వే తెచ్చివ్వమ్మాయ్ అని ఫోన్ చేశారు. రేపు పొద్దున ఇస్తానన్నాను.

జూలై 2, పొద్దున 7

ఒక ఆలోచన వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

బ్యాంకులో నా పనే చెక్కులు వెనక్కి పంపడం. రోజంతా స్క్రీన్ మీద చెక్కులు వస్తాయి. ముందు సంతకం చూస్తాం, తరవాత డబ్బు ఉందో లేదో చూస్తాం. తేడా ఉంటే కారణం నొక్కి వాపసు. స్టాఫ్ చెక్కు డబ్బు చాలక వెనక్కి వెళితే ఆ కాగితం నేరుగా మేనేజర్ టేబుల్ మీదకి వెళ్తుంది. నా ప్రొబేషన్ ఈ పద్నాలుగుతో అయిపోతుంది. ఆ కాగితం వెళ్లిందా, ఇక ఉద్యోగం మర్చిపోవడమే.

అదే సంతకం కలవలేదని వెనక్కి వెళితే ఎవరికీ పట్టదు. ఇంకో చెక్కు రాసివ్వండి అంటారు, అంతే. ఈలోగా వారం గడుస్తుంది. అక్క డబ్బు వస్తుంది.

జూలై 2, పొద్దున 8:30

నా సంతకం నేనే తప్పుగా పెట్టాను. పాత కరెంటు బిల్లు వెనక మూడుసార్లు ప్రాక్టీసు కూడా చేశాను. చివర తోక కిందికి లాగకుండా పైకి లేపాను.

టీచరుగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు. టీ తాగి వెళ్లమన్నారు. టైమైపోతోందని వచ్చేశాను.

పది రోజులు ఆగండి అని అడిగితే పోయేది కదా. అడగలేను. నోరు పెగలదు. రోజుకి నలభై మంది అకౌంట్లలో డబ్బు లేదని నొక్కే వేలు నాది. నా దగ్గర లేదని చెప్పడం మాత్రం చేతకాదు.

జూలై 3

అక్క డబ్బు రాలేదు. చెక్కూ మా బ్యాంకుకి రాలేదు.

జూలై 5, మధ్యాహ్నం

మా సూపర్‌వైజర్‌ని మేం భూతద్దం అంటాం. ఆయన కంట్లో పడని చుక్క ఉండదు. లంచ్‌లో ఒక సంగతి చెప్పారు. వేరే బ్రాంచిలో ఒకాయన తన చెక్కు మీద తేదీ కావాలని తప్పు రాసి ఇచ్చాడట. డబ్బు లేకపోతే లేదనాలి గానీ, పని తెలిసినవాడు ఆ తెలివి ఇలా వాడితే దాన్ని మోసం అంటారు అన్నారు. ఆ మనిషిని తీసేశారట.

అన్నం సగంలోనే ఆపేశాను. డబ్బా మూతపెట్టి చేతులు కడుక్కున్నాను.

జూలై 6

అక్క ఫోన్. బిల్లు వచ్చే నెలకి పడిందట. ఏమీ అనుకోకే అంది. ఏమీ అనుకోలేదన్నాను. చాలా అనుకున్నాను.

జూలై 8

స్టాఫ్ చెక్కులు వేరేవాళ్లు చూడాలి. నావి పక్క సీటాయనకి వెళ్తాయి. ఆయన తుమ్మినా ఉలిక్కిపడుతున్నాను. ఇంకా రాలేదు. టీచరుగారు చెక్కు వెయ్యకుండా ఏం చేస్తున్నట్టు?

జూలై 9, మధ్యాహ్నం 3

మీకోసం ఎవరో పెద్దావిడ వచ్చారని అటెండర్ చెప్పాడు. చూస్తే టీచరుగారు. ఆ మోకాలితో మెట్లెక్కి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కస్టమర్ల కుర్చీలో కూర్చున్నారు. భూతద్దం టేబుల్‌కి నాలుగడుగుల దూరం.

వరండాలోకి తీసుకెళ్లాను. అక్కడి బెంచీ మీద కూర్చుని, బ్యాగ్‌లోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి పోయిన నెల చెక్కు జిరాక్స్. ప్రతి చెక్కుకీ జిరాక్స్ తీసి దాచుకుంటారట. రెండోది నేనిచ్చిన చెక్కు. బ్యాంకులో వెయ్యనే లేదు.

ముప్పై ఏళ్లు ప్రోగ్రెస్ కార్డులు చూశానమ్మాయ్ అన్నారు. నాన్న సంతకం పిల్లలు పెట్టుకొస్తే ఆకారం చూసి పట్టుకోలేరట, అది బాగానే దించేస్తారట. వేగం చూసి పట్టుకుంటారట. సొంత సంతకం ఎవరైనా చకచకా గీకేస్తారు, దొంగ సంతకం నెమ్మదిగా, బొమ్మ గీసినట్టు పెడతారు, సిరా ఒత్తుగా దిగుతుంది అన్నారు. చూడు, నీ సంతకం నువ్వే బొమ్మ గీశావు అన్నారు. గొంతు పెంచలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అలాంటి పిల్లల్ని ఆవిడ ఒకటే అడిగేవారట, కార్డులో నాన్న చూడకూడనిది ఏముందని. నన్నూ అదే అడిగారు.

అకౌంట్లో ఎంతుందో చెప్పాను. ఆ అంకె బయటికి రాగానే ఏడుపొచ్చింది. అక్క సంగతి, పద్నాలుగో తారీకు సంగతి, అన్నీ కక్కేశాను. మధ్యలో ఆపకుండా విన్నారు. చెక్కు నాలుగు ముక్కలు చేసి నా చేతిలో పెట్టారు. ఈ నెల అద్దె నువ్విచ్చిన ఇంటి అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటాను, ఇక్కడెవరికీ చెప్పనులే అన్నారు. థాంక్స్ అనబోయాను.

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

డబ్బు లేదని చెప్పుంటే రెండు నెలలైనా ఆగేదాన్ని అన్నారు. అబద్ధం రాసి, నా ఎదురుగా నిలబడి నా చేతికిచ్చావు, ఇక రోజూ మెట్ల మీద నీ మొహం ఎలా చూడను అన్నారు. కిందిదాకా దింపుతానంటే వద్దన్నారు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లారు. నేను సీట్లోకొచ్చి పదిహేడు చెక్కులు చూశాను.

జూలై 14

పర్మనెంట్ చేశారు. భూతద్దం చెయ్యి కలిపి, నీ పనికి వంక పెట్టడానికి లేదన్నారు. అక్క ఫోన్ చేసి పార్టీ ఎప్పుడే అంది. ఇల్లు సంగతి చెప్పలేదు.

జూలై 22

నాలుగు ఇళ్లు చూశాను. నాలుగోది ఒకటే గది, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అయినా నచ్చింది. అడ్వాన్స్ ఎక్కువ. టీచరుగారు ఈ నెల అద్దె పట్టుకోగా మిగిలిన పాత అడ్వాన్స్ ఇచ్చేశారు. సరిగ్గా లెక్కపెట్టి, కవర్లో పెట్టి, కవరు తలుపు సందులోంచి తోసి వెళ్లారు. అది కొత్త అడ్వాన్స్‌లో సగమే అవుతుంది.

జూలై 27, పొద్దున

కొత్త ఓనరు పాత ఓనరు నంబరు అడిగి, నా ఎదురుగానే ఫోన్ చేశారు. పెట్టేశాక, అద్దె ఒక్క నెల కూడా ఆగలేదట కదా అన్నారు. ఇంకేమైనా కావాలంటే ఆ అమ్మాయినే అడగండి, చెప్తుంది అన్నారట టీచరుగారు.

నా దగ్గర అడ్వాన్స్ సగమే ఉందండీ, మిగతాది రెండు నెలల్లో ఇస్తాను అన్నాను.

సరేనమ్మా అన్నారు. సామాను ఎన్నింటికి తెస్తావని అడిగారు.

పదింటికి అన్నట్టు పది వేళ్లూ చూపించాను.