కోట గోడ దూకిందెవరు?

అన్నా,

మనం గుత్తి టూరింగ్ టాకీసులో చూసిన ఆ కత్తియుద్ధాల సినిమాను, నువ్వు పోయిన ఇన్నేళ్లకు మళ్లీ కొత్తగా తీశారు. నిన్న, అప్పుడు మనతో వచ్చిన నీ స్నేహితుడు మస్తాన్‌తో వెళ్లి చూశాను. యుద్ధాలు పాతదానికంటే బాగున్నాయి. కానీ హీరో కోట గోడ మీద నుంచి గుర్రం మీదికి దూకనే లేదు.

"దూకేది యాడ పోయె, మస్తానన్నా?" అన్నాను.

"పాతదాంట్లోనూ దూకలేదు కదప్పా. అది మీయన్న కల్పించి చెప్పినాడు," అని మస్తాన్ నవ్వాడు.

గుత్తిలో ఆ రోజు నేను సినిమా సగంలోనే నిద్రపోయాను. మిగతా కథ ఇంటికి నడుస్తూ నువ్వే చెప్పావు. అయినా గుర్రం లేపిన దుమ్ము కూడా నాకు గుర్తుంది. మస్తాన్ మరిచిపోయాడో, నువ్వు కల్పించావో తెలియడం లేదు.

"కొత్తది బాగుండాదా?" అని ఇంటికి రాగానే నీ మరదలు అడిగింది.

"పాతదే బాగుండె" అన్నాను.