సోర్సు కోడ్‌కు ప్రూఫులు దిద్దిన జయరాజు

అత్వెల్లి

చిరంజీవి రెబెక్కాకు, మీ చిన్నాయన జయరాజు ఆశీర్వదించి ఈమెయిల్ చేయునది.

ఫోన్‌లో చెబితే నాకు ఎక్కదు కాబట్టి ఇలా రాస్తున్నాను. మన చర్చిలో పాటలు గోడ మీద చూపించాలని కొత్తగా తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఒత్తులు ఊడిపోతున్నాయంటే, నువ్వు సరిచేసి పంపిన సోర్సు కోడ్ అందింది. ఇది ముడి సరుకేననీ, కంపైల్ చేస్తేనే పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అవుతుందనీ అన్నావు. ఆదివారంలోగా అయిపోవాలి. చూపు మందగించి పాటల పుస్తకం కనబడక మీ చిన్నమ్మ ఎలీషమ్మ చర్చిలో నోరు విప్పడం మానేసింది. "గోడ మీద పెద్దగ కనవడితే నేను గూడ పాడుత" అంటోంది.

చర్చికి తీసుకుపోయే నా కంప్యూటర్‌లోనే కోడ్ తెరిచి చూశాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి వరుస చివరా చుక్క, దాని కింద కామా. ఎవరో తొందరలో కొట్టారనుకుని అన్నీ చెరిపేశాను. కంప్యూటర్ ఎర్ర అక్షరాలతో ఏదేదో అంది. అవి మెచ్చుకోళ్లు కావని కాసేపటికి అర్థమైంది.

ఇట్లు,
జయరాజు

తా.క.: స్పెల్లింగు తప్పులు కూడా ఉన్నాయి. ప్రింట్ అనే మాటకు చివర ఎఫ్ తగిలించారు. అదీ తీసేశాను.

---

గాజులరామారం

చిన్నాయనకు వందనాలు.

ఆ చుక్కా కామా వాక్యం ముగిసిందని కంప్యూటర్‌కు చెప్పే గుర్తు. ఎఫ్ కూడా కావాలనే పెట్టింది. కోడ్ మళ్లీ పంపుతున్నాను. దాన్ని తెరవకు, చదవకు, దిద్దకు. కింద రాసిన ఆజ్ఞలు మాత్రం వరుసగా టైపు చెయ్యి. ఏదైనా లైబ్రరీ లేదంటే తెచ్చి పెట్టాలి, అంతే.

నీ బిడ్డ,
రెబెక్కా

తా.క.: నీ ఉత్తరం మా ఆఫీసులో చదివి వినిపించాను. నిన్ను ఉద్యోగంలోకి తీసుకోకూడదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

---

అత్వెల్లి

బిడ్డా రెబెక్కా,

ఫ్రీటైప్ అనే లైబ్రరీ లేదనే అంది. బస్సెక్కి మేడ్చల్ లైబ్రరీకి పోయాను. అక్కడ పుస్తకాలిచ్చే వినోదమ్మను "ఫ్రీటైప్ ఉందా?" అని అడిగాను.

"టైపు నేర్చుకునే పుస్తకమా సార్? గీ వయసుల ఏం నౌకరి జేస్తవ్?" అంటూనే ఒకటి వెతికి ఇచ్చింది. తెచ్చి కంప్యూటర్ పక్కనే పెట్టాను. అయినా లైబ్రరీ లేదనే అంటోంది.

సరేనని చివరి ఆజ్ఞ కొట్టాను. అనుమతి లేదంది. మన పాస్టర్ జాన్సన్ గారిని అడిగితే, "మస్తుగ జేస్కో అన్నా, నేనొద్దన్ననా?" అన్నారు. ఆ మాట దీనికి ఎలా చేరవేయాలి?

పరేషాన్‌లో ఉన్న
జయరాజు

తా.క.: ఇంకేదో నొక్కితే "నీకు అధికారం లేదు, ఈ సంగతి నివేదిస్తాం" అంది. మీ చిన్నమ్మతో "ఎవరన్న వచ్చి అడిగితే శామీర్‌పేటకు పోయిండని చెప్పు" అన్నాను. "నిజంగనే పో, ఇల్లు జర సల్లగుంటది" అంది.

---

గాజులరామారం

చిన్నాయనా,

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్. అనుమతి ఇవ్వాల్సింది పాస్టర్ గారు కాదు, ఆ కంప్యూటర్ యజమాని. నివేదిక వెళ్లేదీ ఆ యజమానికే. అంటే నీ మీద నీకే ఫిర్యాదు. ఏం చేయాలో కింద అక్షరం అక్షరం రాశాను. తెర నిండా హెచ్చరికలు వస్తాయి, భయపడకు.

రెబెక్కా

తా.క.: హెచ్చరికలను కూడా దిద్దకు.

---

అత్వెల్లి

బంగారు తల్లి రెబెక్కాకు,

అయింది! తెర మీద వరుసలు పరుగెత్తుతున్నంతసేపూ నా చేతుల మీద నాకే నమ్మకం లేక వెనక్కి కట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం గోడ మీద ఒత్తులన్నీ తమ తమ అక్షరాల కిందే ఉన్నాయి. మీ చిన్నమ్మ అందరికన్నా ముందు గొంతెత్తింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత పుస్తకంలో లేని, మన సంఘంవాళ్లే కట్టుకున్న పాట వచ్చింది. గోడ మీద "చీకటి దారిలో మోసితివయ్యా" అని ఉంది. నేను ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, అందరికన్నా గట్టిగా "చీకటి దారిలో మోసగించయ్యా" అని పాడాను.

పాట ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి చర్చి అంతా ఒకసారి గోడ వంక, ఒకసారి నా వంక చూస్తోంది. నా గొంతు వెంబడి పాడేవాళ్లంతా ఇన్నేళ్లూ నాతో పాటు అదే పాడుతున్నారట.

"గిన్నేండ్ల సంది దేవుని మోసం జెయ్యమని మొక్కుతున్నవా?" అంది మీ చిన్నమ్మ, నవ్వు ఆపుకోలేక. తర్వాతి చరణం తనే ఎత్తుకుంది. నేను గోడ చూసుకుంటూ మెల్లగా ఆమె వెనకే పాడాను.

ఇట్లు, గొంతు తగ్గించుకున్న
జయరాజు

తా.క.: గోడ మీద ఏ పాట వచ్చినా నేను పాడినట్టే కనబడేలా కోడ్ మార్చడం కుదురుతుందా? ఎలీషమ్మకు చెప్పకు.